తెర మీద ఎర్ర సిగ్నల్

కంప్యూటర్ చేత తెలుగు మాట్లాడించిన మొట్టమొదటి మనిషి ఖరగ్‌పూర్ విల్‌ఫ్రెడ్. హౌరా నుంచి వాల్తేరు దాకా ఏ స్టేషన్లో దిగి అడిగినా ఇదే చెబుతారు. చెప్పలేదంటే వాళ్లకు తెలియదని అర్థం. ఊరి అవతల అంత పెద్ద ఇంజినీరింగు కాలేజీ ఉంది, అందులో గదుల నిండా కంప్యూటర్లున్నాయి, చదువుకున్నవాళ్లు వాటి ముందు కళ్లద్దాలు అరిగేలా కూర్చునేవారు. వాటిలో ఒక్కటైనా "ఏటి బావా" అని పలికిందా? పలకలేదు. పలికించినవాడు విల్‌ఫ్రెడ్, అదీ తొంభై రెండులో, రైల్వేవాళ్ల శిక్షణ బడి వెనకనున్న చిన్న గదిలో.

విల్‌ఫ్రెడ్ ఏమీ కంప్యూటర్ చదువు చదివినవాడు కాదు. రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేరి, తరవాత పద్దెనిమిదేళ్లు ఒరిస్సా వైపు ఒక చిన్న స్టేషన్ క్యాబిన్లో సిగ్నల్ లీవర్లు లాగినవాడు. గొంతు పెద్దది, బోర్డు మీద రాస్తే అక్షరం గుండ్రంగా వస్తుంది. ఆ రెండు కారణాల మీద అతన్ని తెచ్చి శిక్షణ బడిలో తాత్కాలికంగా పాఠాలు చెప్పమన్నారు. ఆ తాత్కాలికం నాలుగేళ్లు సాగింది. ఈ నాలుగేళ్లలో విల్‌ఫ్రెడ్‌కి పాఠం చెప్పడం ఒక వ్యసనమైపోయింది. ముందు వరసలో ఒక్కడు అర్థమైనట్టు తల ఊపితే చాలు, ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. తల ఊపినవాడు కునికిపాట్లు పడుతున్నాడేమో అని భార్య ఎస్తేరమ్మ అనేది. అది వేరే సంగతి.

అలాంటి రోజుల్లో కంప్యూటర్ వచ్చింది. దాని కోసం వెనక గదికి సున్నం వేశారు, కిటికీలు బిగించారు, ఏసీ పెట్టారు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లాలి, చర్చిలోనైనా అంత భక్తి లేదు. ఆ ఏసీ ఎంత చల్లనిదంటే, గది తలుపు తీసినప్పుడల్లా మలంచా రోడ్డు మీద ఆటోవాళ్లు మెడకు మఫ్లర్లు చుట్టుకునేవారు.

కంప్యూటర్‌తోపాటు పెద్దాఫీసు నుంచి సేన్‌గుప్తా సాహెబ్ కూడా వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మొహం మీద ఏ గీతా కదలని మనిషి. యార్డులో పనిచేసే వాళ్లంతా మూడేళ్లకోసారి శిక్షణకు వచ్చి, బెంచీల మీద కూర్చుని, నిద్రపోయి, సంతకం పెట్టి వెళ్లిపోతున్నారని ఆయన బాధ. అందులో నిజం ఉంది. ముఖ్యంగా ఒక పాఠం ఎవరికీ ఎక్కడం లేదు. ఇంజను విప్పేశాక నిలబడిన వ్యాగన్లు వాలు మీద తమంతట తాము దొర్లిపోకుండా ఎలా కట్టాలి అన్నది ఆ పాఠం. ముందు చేతిబ్రేకు బిగించాలి, తరవాత చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాలి, ఆ తరవాత చక్రాన్ని పట్టాకి గొలుసుతో కట్టి తాళం వేయాలి. ఇవన్నీ అయ్యాకే ఇంజను కొక్కెం విప్పాలి. వినడానికి చిన్న పని. ఎండలో, వానలో, డ్రైవరు హారన్ కొట్టి తొందరపెడుతుంటే మాత్రం నాలుగోది మొదటికి వచ్చేస్తుంది.

ఈ పాఠాన్ని కంప్యూటర్ చెప్పాలని సాహెబ్ హిందీలో హుకుం చేశాడు. ఏప్రిల్ నెలాఖరుకి మళ్లీ వస్తాడట. ఎనిమిది మంది యార్డు మనుషులను చూపించాలట. వాళ్లు నేర్చుకుని ఉంటే కంప్యూటర్ ఇక్కడే ఉంటుంది, విల్‌ఫ్రెడ్ కూడా ఉంటాడు. నేర్చుకోకపోతే కంప్యూటర్ కలకత్తాకి, విల్‌ఫ్రెడ్ ఒరిస్సా వైపు పాత క్యాబిన్‌కి. రెండు సామాన్లనూ ఒకే రోజు బుక్ చేసేస్తానన్నట్టు చెప్పాడాయన.

విల్‌ఫ్రెడ్ ఆ సాయంత్రం ఝపటాపూర్‌లో ఇంటికి నడుస్తూ క్యాబిన్ గురించే తలచుకున్నాడు. వారానికోసారి ఇల్లు. మాట్లాడ్డానికి టెలిఫోను గంట తప్ప తోడు లేదు. లీవరు తల ఊపదు.

పాఠం అల్లడానికి కలకత్తా కంపెనీ ఒక మనిషిని ఇచ్చింది. పేరు బిశ్వాస్. వారానికి రెండు రోజులు హౌరా లోకల్లో దిగేవాడు. మంచివాడే, తొందర తక్కువ, టీ ఎక్కువ. విల్‌ఫ్రెడ్ నియమాల పుస్తకంలో ఉన్న ఇంగ్లిష్ అంతా పొల్లు పోకుండా కాగితాల మీద రాసి ఇచ్చాడు, బిశ్వాస్ అదంతా తెర మీదికి ఎక్కించాడు. ఒక పేజీ అయ్యాక ఎంటర్ మీట నొక్కితే రెండో పేజీ. అలా తెర వెనక తెర, తెర వెనక తెర, హౌరా లోకల్‌కి తగిలించిన పెట్టెల్లా.

మొదట కూర్చున్నది తీతు. షంటింగ్ జమాదారు, యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చే ముఠాకి పెద్ద. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, మీసం ఒక్కటే ఇంకా పర్మనెంటు నలుపు. చెప్పులు విప్పి, కాళ్లు తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, బిశ్వాస్ చూపించిన మీట మీద వేలు పెట్టాడు. పెట్టిన వేలు మళ్లీ తీసింది లేదు. విల్‌ఫ్రెడ్ బయటికెళ్లి ఒక టీ తాగి వచ్చేసరికి పాఠం మొత్తం అయిపోయింది.

ఏం తెలిసిందని విల్‌ఫ్రెడ్ అడిగాడు.

"సల్లగా ఉంది మాస్టారు," అన్నాడు తీతు.

రెండోవాడు దేముడు. తీతుతో జతగా యార్డులో పనిచేసే పాయింట్స్‌మన్, వరసకి బావమరిది అని పిలుచుకుంటారు గాని ఒకడు చర్చికి, ఇంకొకడు అమ్మవారి గుడికి. దేముడు తీతుకంటే తొందరగా ముగించాడు. అతను మీట మీద వేలికి బదులు టిఫిన్ డబ్బా పెట్టాడు.

అప్పుడు విల్‌ఫ్రెడ్‌కి ఒక సంగతి అర్థమైంది. బెంచీ మీద నిద్రపోయేవాణ్ణి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టినంత మాత్రాన మెలకువ రాదు. ప్రశ్నలు పెట్టాలి. పేజీ చదివాక ఒక ప్రశ్న, కింద మూడు జవాబులు. సరైనది నొక్కితేనే ముందుకి.

బిశ్వాస్‌కి ఈ ఆలోచన నచ్చింది, ఎందుకంటే అతనికి ఆ కంప్యూటర్ రంగుల తెర అంటే మోజు. జవాబు సరైనదైతే తెరంతా పచ్చగా వెలుగుతుంది. తప్పైతే తెరంతా ఎర్రగా, మధ్యలో తెల్ల అక్షరాలతో తప్పు ఎందుకో రాసి ఉంటుంది, అడుగున ఏదైనా మీట నొక్కి మళ్లీ ప్రయత్నించమని ఉంటుంది. విల్‌ఫ్రెడ్ మురిసిపోయాడు. పైగా ఇంగ్లిష్ తీసేసి, ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాయించాడు. ఆ ఆదివారం చర్చి అయ్యాక మెట్ల మీద నిలబడి, కంప్యూటర్‌కి తెలుగు నేర్పేశానని పదిమందికీ చెప్పాడు. ఆ మాట సాయంత్రానికి తాల్‌బగీచా పేట చేరింది. చేరేటప్పటికి కంప్యూటర్ కీర్తన కూడా పాడుతోంది.

సోమవారం ఎనిమిది మందీ వంతులవారీగా కూర్చున్నారు. కంప్యూటర్ ఒక్కటే కాబట్టి ఒకరి తరవాత ఒకరు. విల్‌ఫ్రెడ్ ముందు గదిలో ఇంకో క్లాసు చెబుతున్నాడు. భోజనాల వేళకి వెళ్లి చూస్తే మొదట కూర్చున్న తీతు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. మిగతావాళ్లు గోడ వారగా నేల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. తెర ఎర్రగా ఉంది.

మర్నాడు వేరేవాళ్లతో మొదలుపెట్టారు. వాళ్లలో ఒక ఒడియా అతను, ఇద్దరు బెంగాలీలు ఉన్నారు. తెలుగువాళ్లు కానివాళ్లకు తెర మీది తెలుగు ఎక్కదు, తెలుగువాళ్లకు ఇంగ్లిష్ అక్షరాలు ఎక్కవు, కాబట్టి అందరూ సమానంగా ఊహించి నొక్కారు. పచ్చ పడితే రయ్‌మని రెండు మూడు పేజీలు దాటిపోయేవారు. ఎర్ర పడితే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. అలా ఎంతసేపైనా.

బిశ్వాస్ తేల్చేశాడు. మెషీన్ బాగానే ఉంది, మనుషులే పనికిరారు, నేర్చుకునే శక్తి లేదు, సాహెబ్ వస్తే ఇదే చెబుతానన్నాడు. చెడ్డ బుద్ధితో అన్నది కాదు. అతను చేసిన ప్రోగ్రాంలో ఎక్కడా తప్పు లేదు మరి.

విల్‌ఫ్రెడ్ ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. బుధవారం ఉదయమే తీతుని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, తను వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కంప్యూటర్ వచ్చిన ఈ నాలుగు నెలల్లో అతను నేర్చుకునేవాడి వెనక కూర్చుని చూడటం అదే మొదటిసారి. తీతు రెండు ప్రశ్నలు దాటాడు. మూడోది తప్పు నొక్కాడు. తెర ఎర్రబడింది. తీతు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

విల్‌ఫ్రెడ్ స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"నొక్కు తీతూ."

"ఏటి నొక్కుతాను మాస్టారు? ఎర్ర పడింది గదా."

"అది సిగ్నల్ కాదు. ఊరికే రంగు."

"ఎర్రేనా కాదా?"

"ఎర్రే."

"మరింకేటి. సిగ్నల్ ఇచ్చేదాకా ఆగాల."

"కింద రాసి ఉంది సూడు, ఏ మీటైనా నొక్కమని."

తీతు మీసం సవరించుకున్నాడు. "రాసినోడు టేసన్ మాస్టరా, మాస్టారు? ఎర్ర మీద ముందుకెల్లమంటే కాయితం ఇయ్యాల, సంతకం ఉండాల. మొన్న దేముడు ఏదో నొక్కబోనాడు, నానే సెయ్యి పట్టుకుని లాగినాను. ముప్పై రెండేళ్ల సర్వీసు, ఒక్క ఎర్ర దాటినోణ్ణి కాదు. ఈ ఏసీ గదిలో దాటి సెడ్డపేరు తెచ్చుకుంటానా?"

ఎవరు ఈ సంగతి మరిచిపోయినా విల్‌ఫ్రెడ్ మరిచిపోకూడదు. పద్దెనిమిదేళ్లు ఎర్ర వేసి బండ్లు ఆపినవాడు. పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు ఎస్తేరమ్మ ఎర్ర చీర కట్టుకుని ఎదురొస్తే, ఆమె లోపలికి వెళ్లి పచ్చ చీర మార్చుకునేదాకా గుమ్మం దాటలేదని తాల్‌బగీచాలో ఇప్పటికీ చెప్పుకునే మనిషి. నాలుగేళ్లు సుద్దముక్క పట్టుకునేసరికి అతనికి కూడా ఎర్ర ఒక రంగైపోయింది. కలకత్తాలో దుకాణం బోర్డుకీ ఎర్ర వేస్తారు, బిశ్వాస్‌ని ఏమనడానికి లేదు.

సరే, తెగులు దొరికింది, మందు ఎంతసేపని బిశ్వాస్ ఆ వారమే ఎర్రని పసుపు చేశాడు. పసుపంటే జాగ్రత్తగా ముందుకి. మనుషులు జాగ్రత్తగా ముందుకి పోయారు. చదవకుండానే పోయారు. పసుపు దగ్గర నెమ్మదిగా నొక్కి, పచ్చ దగ్గర గబగబా నొక్కి, అందరూ చివరికి చేరారు. మొదట పెట్టాల్సింది దిమ్మా బ్రేకా అని విల్‌ఫ్రెడ్ బయట నిలబెట్టి అడిగితే, ఒక బెంగాలీ దాదా ఆలోచించి, తెర మీద రెండో నంబరు జవాబు అన్నాడు.

సాహెబ్ రావడానికి మూడు వారాలే ఉంది. తన ట్రంకు పెట్టె అటక మీద నుంచి దించాలా అని విల్‌ఫ్రెడ్ ఇంట్లో అడిగాడు. అది జోకో నిజమో ఎస్తేరమ్మకు తెలియలేదు.

ఎస్తేరమ్మ చర్చి హాల్లో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేది. మూడే మిషన్లు, నేర్చుకునేవాళ్లు ఎక్కువ. ఆమె పెద్దగా ఎవరి పనిలోనూ వేలు పెట్టే మనిషి కాదు. భర్త ట్రంకు పెట్టె మాట ఎత్తేసరికి మాత్రం అతని కంచం పక్కకి తోసి అడిగింది.

"ఏటండీ, మీ పాఠంలో బండి ఎక్కడుంది?"

బండి గురించే గదా పాఠమంతా అన్నాడు విల్‌ఫ్రెడ్.

"గురించి కాదండీ. బండి. నాను కుట్టు గురించి సెప్తే మా ఆడోళ్లకి ఒక్కరికి రాదు. పాత గుడ్డ సేతికిచ్చి తొక్కమంటాను. సూది ఇరుగుతాది. అప్పుడు అడుగుతారు ఎందుకిరిగిందని. సూది ఇరక్కుండా ఎవులికి వచ్చిందండీ కుట్టు?"

"రైల్వే నాకు ఇరగ్గొట్టడానికి వ్యాగన్లు ఇవ్వదు ఎస్తేరూ."

"మరి ఆ టీవీ ఎందుకండీ, అంత ఖరీదు పెట్టి కొన్నది? అందులో ఇరగ్గొట్టించండి."

ఇంకో మాట కూడా అంది. మిషన్లు చాలక తను ఒక్కో మిషను దగ్గర ఇద్దరిని కూర్చోబెడుతుందట. ఒకామె తొక్కుతుంటే పక్కామె చెబుతుంది, తరవాత చోట్లు మారతారు. పక్కన కూర్చుని చెప్పిన ఆమెకే ముందు వస్తుందట పని.

విల్‌ఫ్రెడ్ మళ్లీ కంచం దగ్గరికి లాక్కున్నాడు.

శనివారం బిశ్వాస్ రైలు దిగేసరికి విల్‌ఫ్రెడ్ ప్లాట్‌ఫారం మీదే కాగితం పట్టుకుని నిలబడ్డాడు. పేజీలన్నీ తీసేయాలి. ఒక్క బొమ్మ కావాలి. వాలుగా ఒక గీత, దాని మీద నాలుగు పెట్టెలు, వాటికి ఒక ఇంజను. నాలుగు మీటలకి నాలుగు పనులు: బ్రేకు, దిమ్మ, గొలుసు, కొక్కెం. వరస తప్పితే పెట్టెలు వాలు మీద దొర్లి కింద గోడకి గుద్దుకోవాలి. గుద్దుకున్నాక తెరంతా ఎర్ర పడాలి.

మళ్లీ ఎర్ర ఎందుకని బిశ్వాస్ తల పట్టుకున్నాడు.

"దాదా, ఎర్ర పడితే వీళ్లు ఆగుతారు," అన్నాడు విల్‌ఫ్రెడ్ తనకొచ్చిన బెంగాలీలో. "నాకు ఇన్నాళ్లూ అదే తెగులనిపించింది. ఇప్పుడు అదే కావాలి. తప్పు చేసినవాడు ఆగాలి, చూడాలి. ఎర్రలో ఏ మీటా పనిచెయ్యకూడదు. కాసేపయ్యాక దానంతట అదే పసుపు పడాలి, అప్పుడే, తప్పిన చోటి నుంచి మళ్లీ మొదలు."

మనిషిని ఖాళీగా కూర్చోబెడితే విసుగెత్తి లేచిపోతాడని బిశ్వాస్ వాదించాడు. హౌరా లోకల్ ఆగిపోయినప్పుడు ఎంతమంది లేచి ఇంటికెళ్లారో చెప్పమన్నాడు విల్‌ఫ్రెడ్. బిశ్వాస్ టీ చెప్పాడు.

పదిరోజుల్లో బొమ్మ తయారైంది. పెట్టెలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి, ఇంజనుకి పొగగొట్టం పెట్టాడు బిశ్వాస్, డీజిల్ ఇంజనుకి పొగగొట్టం ఏమిటని ఎనిమిది మందీ నవ్వారు. నవ్వితే నవ్వారు గాని అందరూ ముందుకి వంగి చూశారు. విల్‌ఫ్రెడ్ అది గమనించాడు.

ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాడు. యార్డులో ఎలాగూ వాళ్లు జతగానే పనిచేస్తారు, ఒకడు చెయ్యి ఊపితే ఇంకొకడు పని చేస్తాడు. ఇన్నాళ్లూ వాళ్లను ఒంటరిగా కుర్చీలో పడేయడమే పొరపాటు. తీతు మీటల దగ్గర, దేముడు పక్కన. మొదటి మాటు తీతు నేరుగా కొక్కెం విప్పాడు. పెట్టెలు దొర్లాయి, గుద్దుకున్నాయి, కంప్యూటర్ బీప్‌మంది, ఎర్ర.

"ఏటి బావా, బ్రేకు మీ ఆవిడొచ్చి కడతాదా?" అన్నాడు దేముడు.

"నువ్వేటి సెప్పినావని? నోట్లో కిళ్లీ ఉందా?"

"ఉంది. సెప్తే ఏసీలో ఉమ్మాల."

ఎర్ర ఉన్నంతసేపూ వాళ్లు తగువు పడ్డారు, ఏది ముందు చెయ్యాల్సింది, ఎందుకు చెయ్యాల్సింది అని. విల్‌ఫ్రెడ్‌కి కావలసిన పాఠం అదే. అది తెర మీద లేదు, తెర ఎర్రగా ఉన్నప్పుడు ఇద్దరి మధ్యా నడిచింది.

ఇప్పుడు మొదట చెప్పిన మాట సరిచేయాలి. కంప్యూటర్ తెలుగు మాట్లాడిందన్నది ఇదే. అది మాట్లాడలేదు, బీప్‌మనడం తప్ప దానికి ఇంకో విద్య లేదు. మాట్లాడింది పక్క కుర్చీలో దేముడు. ఒడియా అతను కూర్చున్నప్పుడు ఒడియా మాట్లాడింది, బెంగాలీ దాదాలు కూర్చున్నప్పుడు బెంగాలీలో తిట్టింది. తెర మీద ఒక్క అక్షరం లేదు కాబట్టి అది ఎవరి భాషైనా మాట్లాడగలిగింది. ఈ విద్య ఆ కాలేజీవాళ్ల కంప్యూటర్లకు కూడా వచ్చే ఉంటుంది, పక్కన దేముడు లాంటివాణ్ణి కూర్చోబెట్టి ఎవరూ చూడలేదంతే.

ఆ కొద్ది రోజుల్లో ఆ గదిలో గుద్దుకున్నన్ని వ్యాగన్లు రైలు పుట్టిన దగ్గర్నుంచి ఎక్కడా గుద్దుకోలేదు. యార్డులో డ్యూటీ దిగి కూడా వచ్చి గుద్దించేవారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒక్క రూపాయి నష్టం లేదు.

సాహెబ్ చెప్పిన రోజుకే వచ్చాడు. గదిలోకి వచ్చి, చెప్పులు విప్పి, నాలుగు జతలు తెర మీద పని చేస్తుంటే చేతులు కట్టుకుని చూశాడు. అందరూ సరిగ్గా చేశారు. విల్‌ఫ్రెడ్ ఆయన మొహం చూశాడు. అక్కడ ఏమీ లేదు.

వాళ్లకి మీటలు నొక్కడం వచ్చిందని సాహెబ్ అన్నాడు. వ్యాగన్లు కట్టడం వచ్చిందో లేదో యార్డులో చూద్దామన్నాడు.

విల్‌ఫ్రెడ్ ఇది అనుకోలేదు. యార్డులో తెర ఉండదు, పసుపు పడదు. పైగా తను నోరు విప్పకూడదని సాహెబ్ ముందే చెప్పాడు. ఏప్రిల్ ఎండలో పట్టాల పక్కన నిలబడి, ఒరిస్సా వైపు వెళ్లే గూడ్సు ఒకటి కదలడం చూస్తూ, అందులో తన ట్రంకు పెట్టె ఉన్నట్టే అనుకున్నాడు.

పక్క పట్టా సైడింగులో నాలుగు ఖాళీ వ్యాగన్లు, ఒక డీజిల్ ఇంజను. మొదటి మూడు జతలు వరస తప్పకుండా చేసి పక్కకి వెళ్లాయి. ఆఖరుకి తీతు, దేముడు. అప్పటికే ఆలస్యమైందని డ్రైవరుకి కోపం. తీతు బ్రేకులు బిగించి దిమ్మలు పెట్టేసరికి హారన్ మోగించాడు, ఆపకుండా. ఆ చప్పుడుకి దేముడు గొలుసు నేల మీదే వదిలేసి కొక్కెం దగ్గరికి పరిగెత్తాడు. దాని మీద చెయ్యి వేశాడు.

విల్‌ఫ్రెడ్ ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయాడు. చెప్పకూడదు.

తీతు రెండు చేతులూ తల మీదికి ఎత్తాడు. యార్డులో చేతిలో జెండా లేనప్పుడు ఆగమని చెప్పే సైగ అది. దేముడు చెయ్యి కొక్కెం మీద నుంచి తీశాడు. ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. హారన్ మోగుతూనే ఉంది. వాళ్లు నిలబడే ఉన్నారు. తరవాత తీతు వెళ్లి దిమ్మలు తీసేశాడు, బ్రేకులు వదిలాడు. అంతా మళ్లీ మొదటి నుంచి చేశారు: బ్రేకు, దిమ్మ, గొలుసు, తాళం. అప్పుడు కొక్కెం. ఇంజను విడిపోయింది, వ్యాగన్లు అంగుళం కదల్లేదు.

సాహెబ్ వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లాడు. గొలుసు ఒక్కటే మిగిలింది కదా, అది కట్టేస్తే పోయేదానికి చేసిందంతా విప్పి మళ్లీ ఎందుకు చేశారని హిందీలో అడిగాడు.

"లాల్ హో గయా థా, సాహెబ్," అన్నాడు తీతు.

ఎర్ర పడిందంటే సాహెబ్ చుట్టూ చూశాడు. దగ్గర్లో సిగ్నలే లేదు.

"లాల్ హువా తో షురూ సే," అన్నాడు దేముడు. ఎర్ర పడితే మొదటి నుంచి. "మాస్టర్‌జీ కా నియమ్ హై."

సాహెబ్ విల్‌ఫ్రెడ్ వైపు తిరిగాడు. ఆ నియమం ఏ పుస్తకంలోనూ లేదు. విల్‌ఫ్రెడ్ పెట్టింది కూడా కాదు. తప్పు జరిగిన చోటి నుంచే మళ్లీ మొదలయ్యేలా చేయమని అతను అడిగితే, అలా చేయడం బిశ్వాస్‌కి చేతకాక, పెట్టెల్ని ఎప్పుడూ మొదటికే పంపించేశాడు. ఆ బిశ్వాస్ ఇప్పుడు గొడుగు చాటున నిలబడి పట్టాల మధ్య కంకర చూస్తున్నాడు. విల్‌ఫ్రెడ్ కూడా కంకరే చూశాడు.

తొందరలో ఏది చేశామో ఏది మానేశామో గుర్తుండదు కాబట్టి మొదటి నుంచి చూసుకోవడమే మేలని సాహెబ్ అన్నాడు. నియమం బాగుంది, ఉంచమన్నాడు. కంప్యూటర్ ఇక్కడే ఉంటుందన్నాడు. క్యాబిన్లలో లీవర్లు లాగేవాళ్లకి కూడా ఇలాంటిది ఒకటి చేయాలని, అది ఎన్నాళ్లలో అవుతుందని విల్‌ఫ్రెడ్‌ని అడిగాడు. అడిగి, మళ్లీ ఆ సిగ్నల్ లేని వైపు ఒకసారి చూసి, విరగబడి నవ్వాడు. ఎంత నవ్వాడంటే తల మీది టోపీ ఎగిరిపడి వ్యాగన్ బఫరుకి తగులుకుంది, డ్రైవరు భయపడి హారన్ ఆపేశాడు.

ఆ సాయంత్రం విల్‌ఫ్రెడ్ ఇంటికెళ్లి నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఈ సంగతి ఎస్తేరమ్మే చెప్పింది. యార్డులో జరిగింది కూడా ఉన్నదున్నట్టే చెప్పాను, ఒక్క నవ్వు తప్ప. టోపీ సంగతి నేను కలిపింది. సేన్‌గుప్తా సాహెబ్ నవ్వగా చూసినవాళ్లు ఖరగ్‌పూర్‌లో ఎవరూ లేరు.